ఏడో బొమ్మలో కనుబొమలు

శ్రీకాళహస్తి

చిరంజీవి బుజ్జమ్మకు తాత ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి, దేవదూతలకూ రాక్షసులకూ యుద్ధం అని బొమ్మల నవల మొదలుపెట్టావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమెకు ఒకటే టెన్షన్. నాకూ భయంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక వీధి చివరిదాకా నడిచి, కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పి వచ్చాను. మన ఇంట్లో నా తర్వాత బొమ్మ పట్టుకున్నదానివి నువ్వే.

ముందు చిన్న మాటలు. రెండు పేజీలు కలిసే మడతలో ముఖం పడనివ్వొద్దు, బైండింగ్ మింగేస్తుంది. అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టొద్దు. కథ చివరిదాకా తేలకుండా రంగులోకి దిగొద్దు. వేళకు తిను.

దేవదూతల సంగతి. ఒకసారి ఒక చర్చివాళ్ళకు ఏసు కథ కలంకారీలో వేసిచ్చాను. అక్కడి ఫాదర్ బైబిల్ తీసి నాకు చదివి వినిపించారు. సెరాపులకు ఆరు రెక్కలు. రెండింటితో ముఖం కప్పుకుంటారు, రెండింటితో కాళ్ళు, మిగతా రెండింటితో ఎగురుతారు. కెరూబులకు నాలుగు ముఖాలు: మనిషి, సింహం, ఎద్దు, గద్ద. నా ఫోన్‌కు వచ్చిన నీ బొమ్మల్లో నువ్వేమో అందరికీ హంస రెక్కలు రెండేసి అతికించావు. ఎవరెవరో తెలిసేలా వెయ్యమ్మా.

రాత్రంతా నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఏడో బొమ్మ, రాక్షసరాజు. ఆ కలిసిపోయిన కనుబొమలు మన ఇంటివి. ఎడమ కనుబొమ మీది గాటు మీ నాన్నది. చిన్నప్పుడు స్వర్ణముఖిలో రాతి మీద పడ్డాడు, నా కళ్ళముందే. ఉద్యోగం మానొద్దన్నాడని మూడు నెలలుగా వాడితో మాట్లాడటం లేదట కదా.

నేనూ ఇదే పని చేశాను. నాకు ముప్పై ఏళ్ళప్పుడు ఇంటి వాటా దగ్గర మా అన్నకూ నాకూ మాట పెరిగింది. అప్పుడు లంకాయుద్ధం వేస్తున్నాను, పన్నెండు అడుగుల గుడ్డ. చింతబరికె బొగ్గుతో రావణుణ్ణి గీస్తుంటే అన్న ముఖం వచ్చింది. బొగ్గు దులిపితే పోతుంది. దులపలేదు, పైగా సంతోషపడ్డాను. కసిమిలో కలం ముంచి దాని మీదే దిద్దాను. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలితే నల్లబడతాయి, ఇక ఏ ఏట్లో ఉతికినా పోదు. పది తలలు. పదీ అన్నవే.

ఏటి ఇసుకలో ఆరేసిన రోజు అన్న ఆ దారినే వచ్చాడు. చాలాసేపు నిలబడి చూశాడు. "ముక్కు బాగా కుదిరిందిరా" అన్నాడు. అంతే. తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికాడు, మా గడప తొక్కలేదు. నాకు కలం పట్టడం నేర్పింది ఆయనే. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టి, ఎంత నొక్కితే ఎంత దిగుతుందో నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి చూపించాడు. ఆ గుడ్డను ఎవరో కొనుక్కుపోయారు. ఏ ఊళ్ళో ఏ గోడ మీద ఉందో, అక్కడ మా అన్న ఇప్పటికీ రావణుడే.

కంప్యూటర్లో వేస్తున్నాను, ఎప్పుడైనా చెరపొచ్చు అంటావేమో. అచ్చయ్యేదాకే తల్లీ అది.

రాక్షసుల్ని వెయ్యొద్దనడం లేదు, బాగా భయపెట్టు. సాతాను కూడా ఒకప్పుడు దేవదూతేనని ఆ ఫాదరే చెప్పారు. తిరుమలలో బంగారువాకిలి దగ్గర నిలబడ్డ జయవిజయులే కదా శాపం తగిలి హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, మళ్ళీ రావణ కుంభకర్ణులుగా పుట్టింది! నీ రాక్షసరాజు వీపు మీద ఊడిపోయిన రెక్కల మచ్చలు ఉంచు. తను కాపలా కాసిన వాకిలి ఇంకా గుర్తున్నట్టు కళ్ళు వెయ్యి. అప్పుడు ఎవరి ముఖమూ అరువు తేనక్కర్లేదు.

మీ నాన్న ఆ బొమ్మ ఇంకా చూడలేదు. నా ఫోన్ వాడి చేతికి ఇవ్వలేదు. శివరాత్రికి రా. రేణిగుంటలో దిగు, తిరుపతి నుంచి వాడే బండి తీసుకొని వస్తాడు, చెప్పేశాను. కనుబొమలు మార్చిన బొమ్మ దారిలోనే వాడికి చూపించు.

ఇట్లు,
తాత