సబ్జెక్టు అంటే కర్తేనా?

సందేహం: ఇంగ్లీషు వాక్యానికి సబ్జెక్టు, వెర్బు, ఆబ్జెక్టు ముఖ్యమనీ, అవే మన కర్త, క్రియ, కర్మ అనీ ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి చెప్పాను. ‘ఐ యామ్ హంగ్రీ’లో ‘ఐ’ కర్త అయితే, ‘నాకు ఆకలి వేస్తోంది’లో ‘నాకు’ కూడా కర్తేనా అని అడిగింది. ఏమని చెప్పాలి?

సమాధానం: మీ అమ్మాయి చాలా మంచి ప్రశ్న అడిగింది. ‘నాకు’ కర్త కాదు. ‘నాకు’ తీసేసి ‘మీకు’ అనండి, ‘వాళ్లకు’ అనండి, ‘వేస్తోంది’ మాత్రం మారదు. ఎందుకంటే ఆ క్రియ ‘ఆకలి’ని అనుసరించి నడుస్తోంది.

చిక్కంతా సబ్జెక్టును కర్త అని అనువదించడంలోనే ఉంది. కర్త అనేది అర్థాన్ని బట్టి ఏర్పడిన మాట. ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు పాణిని, అంటే క్రియ జరగడంలో స్వతంత్రంగా ఉన్నది కర్త. సబ్జెక్టు అలా కాదు, దాన్ని వాక్య నిర్మాణాన్ని బట్టి గుర్తిస్తారు. సాధారణ వాక్యంలో అది క్రియకు ముందుంటుంది, వర్తమాన కాలంలో క్రియారూపం దాన్ని అనుసరిస్తుంది: ‘ది బాయ్ రన్స్’, ‘ది బాయ్స్ రన్’. ‘ది స్నేక్ వాజ్ కిల్డ్ బై రామ’ అన్నప్పుడు చంపినవాడు రాముడే, కాబట్టి మన లెక్కలో కర్త అతడే. సబ్జెక్టు మాత్రం చచ్చిన పాము. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’లో ‘ఇట్’ చేసే పని ఏమీ లేదు, అయినా సబ్జెక్టు స్థానాన్ని ఖాళీగా వదలడం ఆ భాషకు సమ్మతం కాదు కనుక దాన్ని అక్కడ నిలబెడతారు. మనం ‘వాన కురుస్తోంది’ అని ఊరుకుంటాం.

స్థానానికి అంత పట్టింపు ఎందుకంటే, ప్రాచీన ఆంగ్లంలో నామవాచకాలకుండిన విభక్తి ప్రత్యయాలు కాలక్రమంలో చాలావరకు రాలిపోయాయి. ‘హి’, ‘హిమ్’ వంటి సర్వనామాల్లో మాత్రం ఆ భేదం నిలిచింది. ‘పామును రాముడు చంపాడు’ అని తిప్పి చెప్పినా ‘ను’ ఉన్నందువల్ల మనకు తికమక ఉండదు, కానీ ‘రామ కిల్డ్ ది స్నేక్’ను తిరగేస్తే రాముడే చచ్చిపోతాడు.

మరొక మాట. ‘ఐ యామ్ హంగ్రీ’లో ఆబ్జెక్టే లేదు. ‘హంగ్రీ’ సబ్జెక్టు స్థితిని తెలిపే విశేషణం, దాన్ని పూరకం అనవచ్చు. అందుచేత వాక్యాన్ని ముందు రెండుగా విడదీయడం నేర్పండి: ఎవరిని గురించి లేదా దేన్ని గురించి చెబుతున్నామో అది ఉద్దేశ్యం, దాన్ని గురించి చెప్పేదంతా విధేయం. సబ్జెక్టుకు ‘ఉద్దేశ్యం’ అన్న మాటే నాకు సరిగ్గా తోస్తుంది. వెర్బు, ఆబ్జెక్టు, పూరకం విధేయంలోనివే.

ఇక మీ అమ్మాయి చేత ‘ఐ’ బదులు ‘షీ’ పెట్టించండి. ‘యామ్’ వెంటనే ‘ఈజ్’ అవుతుంది. తెలుగు వాక్యంలో ‘నాకు’ బదులు ‘ఆమెకు’ పెట్టించండి. ‘వేస్తోంది’ అలాగే ఉంటుంది.