కంపెనీ అధికారాల పాఠం ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: ఐదేళ్ల లా కోర్సులో మూడో సంవత్సరం చదువుతున్నాను. కంపెనీ లా ప్రాజెక్టుకు ‘తయారీ సంస్థల అధికారాలను పెంచిన అమెరికా రాష్ట్ర చట్టాలు’ అనే అంశం ఇచ్చారు. అది ఎందుకూ కొరగాదని, ఆ సమయంలో కంపెనీ సెక్రటరీ కోర్సు చదువుకోమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారు చెప్పిన కోర్సు మంచిదే. అయితే ఆ కోర్సులో మీరు చదవబోయే ఒక ముఖ్య విషయానికి మూలం ఈ ప్రాజెక్టులోనే ఉంది కాబట్టి, దేన్నీ వదులుకోవలసిన పని లేదు.

అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ చొరవతో ఏర్పడిన ‘సొసైటీ ఫర్ ఎస్టాబ్లిషింగ్ యూజ్‌ఫుల్ మాన్యుఫాక్చర్స్’ అనే తయారీ సంస్థకు న్యూజెర్సీ శాసనసభ 1791లో, దాని కోసమే చేసిన ప్రత్యేక చట్టంగా, ఇచ్చిన చార్టర్‌ను ముందుగా చదవండి. సరుకు తయారుచేసి అమ్ముకోవడానికే కాక, కాలువలు తవ్వుకోవడానికి, చివరికి లాటరీ నడిపి డబ్బు కూడబెట్టుకోవడానికి (ఈ మాట నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది) కూడా ఆ చట్టం వీలు కల్పించింది. పసాయిక్ జలపాతం పక్కన ప్యాటర్సన్‌లో పెట్టిన నూలు మిల్లు 1796లోనే మూతపడినా, కాలువల్లోకి మళ్లించిన నీటిని ఇతర మిల్లులకు లీజుకిచ్చుకుంటూ సంస్థ మాత్రం బతికింది. దాని ఆస్తులు నగరపాలక సంస్థ చేతికి వచ్చింది 1945లో. ఏ పని కోసం పుట్టిందో అది ఐదేళ్లకే పోయినా, కాగితం మీది అధికారాలు దాన్ని నూటయాభై ఏళ్లు నిలబెట్టాయి.

మన దేశంలో ఒక్కో కంపెనీకి ఒక్కో చట్టం అక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 13 కింద ప్రత్యేక తీర్మానంతో, అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లతో, కంపెనీ స్థాపన పత్రమైన మెమోరాండంలోని లక్ష్యాలను మార్చుకోవచ్చు. సిమెంటు పైపుల కంపెనీ సోలార్ ప్లాంటుకు అప్పు అడిగితే, బ్యాంకు లాయరు ముందు తిప్పి చూసేది ఆ లక్ష్యాల పేజీనే. అందులో సోలార్ పని లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది; తీర్మానం చేయించి, 30 రోజుల్లోగా కంపెనీల రిజిస్ట్రార్‌కు ఆ తీర్మానాన్ని తెలిపే ఎంజీటీ-14 ఫారం దాఖలు చేయించే బాధ్యత కంపెనీ సెక్రటరీ మీద పడుతుంది.

కాబట్టి ప్రాజెక్టులో సగం ఆ చార్టర్‌కు, సగం సెక్షన్ 13కు కేటాయించండి. కంపెనీ సెక్రటరీ (సీఎస్) ప్రవేశ పరీక్షకు ఇంటర్ అర్హత చాలు గనుక ఇప్పుడే దరఖాస్తు చేయండి. దాని తర్వాతి ఎగ్జిక్యూటివ్ దశ డిగ్రీతోపాటే పూర్తిచేసుకోవచ్చు గానీ, రోజంతా ఆఫీసులో ఉండవలసిన ప్రాక్టికల్ ట్రైనింగ్‌ను మాత్రం లా చివరి పరీక్షలు అయ్యేదాకా పెట్టుకోకండి.