మందుకొమ్ము సాపు చేసేదెలా?

ప్రశ్న: బొబ్బిలి యుద్ధం నాటకంలో సిపాయిల నడుముకు వేలాడదీయడానికి తుపాకీమందు కొమ్ములు చేస్తున్నాం. ఒంటికి అతుక్కునేలా బల్లపరుపుగా కావాలి. ఎద్దుకొమ్మును గంటసేపు నీళ్లలో ఉడికించి రెండు చెక్కల మధ్య బిగిస్తే అంచున చీలింది. ఇంకోటి చీలలేదు గానీ, మర్నాటికి మళ్లీ గుండ్రంగా తిరిగింది. (బొబ్బిలి నుంచి)

జవాబు: మొదటిది మందం వల్ల చెడింది, రెండోది వేడి చాలక.

కొమ్మును అణిస్తే వంపంతా రెండు పక్కల అంచుల మీదే పడుతుంది. అక్కడ గోడ మందంగా ఉంటే పైపొర సాగలేక చీలుతుంది. అందుకే వేడి చేయకముందే లోపల గీకి, బయట ఆకురాయి పట్టి, గోడ అంతటా 3 మిల్లీమీటర్లకు తేవాలి. అంచుల్లో ఇంకాస్త పల్చనైనా పర్వాలేదు. లేతరంగు కొమ్మయితే లోపల చిన్న బల్బు పెట్టి చూడండి, మందం మిగిలినచోట ముదురు మచ్చ కనిపిస్తుంది. కొన వైపు గట్టి భాగం ఎంత బిగించినా అణగదు. లోపలికి తీగ పోనిచ్చి బోలు ఎక్కడిదాకా ఉందో కొలుచుకుని, అంతవరకే బిగించండి.

ఇక వేడి. నీళ్లు 100 డిగ్రీలు దాటవు. పొయ్యి మీంచి తీసి బిగించేలోపే కొమ్ము గట్టిపడొచ్చు. నూనెను 150 డిగ్రీల దగ్గర నిలిపి, కొమ్మును ఒకటి రెండు నిమిషాలు ముంచితే బాగా మెత్తబడుతుంది. థర్మామీటరు లేకుండా ఈ పనికి దిగొద్దు. వేడి ఎక్కువైతే కొమ్ము బుడగలెత్తి, పొరలు విడి, చల్లారాక పెళుసవుతుంది. ముందు కోసిన ముక్కతో పరీక్షించండి. కొమ్ము మీద తడి ఉంటే నూనె చిమ్ముతుంది కాబట్టి పూర్తిగా ఆరాకే ముంచండి. గిన్నె సగానికి మించి నింపొద్దు. పట్టకారు, చేతి తొడుగులు తప్పనిసరి. పొయ్యి ఆరుబయటే పెట్టుకోండి, ఆ కంపు ఇంట్లోంచి ఓ పట్టాన పోదు.

లోపల ఏ ఆధారం లేకుండా బిగిస్తే గోడలు నడుమ లోపలికి కూరుకుపోతాయి. ముందే కావలసిన లోపలి ఆకారంలో, కొనకు సన్నగిల్లే చెక్క చీలను చెక్కి, ఆముదం రాసి దూర్చండి. బిగించే చెక్కలను కూడా వెచ్చబెట్టండి. క్లాంపును ఒకేసారి తిప్పేయకుండా, సగం బిగించి, తీసి, మళ్లీ వేడి చేసి మిగతాది బిగించండి. చీలతో సహా రాత్రంతా అలాగే వదిలేయాలి. పైన చల్లబడినా లోపల వెచ్చగా ఉంటుంది, తొందరపడి విప్పితే మళ్లీ పాత ఆకారానికే పోతుంది.

నాటకానికి కాబట్టి ఖాళీగానే వేలాడదీయండి, మందు పోయొద్దు.

ప్రశ్న: గేదెకొమ్ము పనికొస్తుందా? (పాతపట్నం నుంచి)

జవాబు: భేషుగ్గా. దాని అడ్డుకోత పుట్టుకతోనే కాస్త చదునుగా ఉంటుంది కాబట్టి అణచాల్సింది తక్కువ. అడ్డంగా ఉండే గట్లను ముందే ఆకురాయితో తీసేయండి, లేకపోతే పల్లాల దగ్గర చీలుతుంది. నల్లది కావడంతో బల్బు చిట్కా పనిచేయదు, కాలిపర్‌తో కొలవాల్సిందే. మీకు పక్కనే పర్లాకిమిడి ఉంది. కొమ్ముపనికి పేరున్న ఊరు, ఓసారి వెళ్లి ఆ చేతులు ఎలా కదులుతాయో చూసి రండి. అడవిదున్న కొమ్ము జోలికి మాత్రం పోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ప్రశ్న: పచ్చికొమ్ములోంచి ఎముక ఊడి రావట్లేదు. (రాజాం నుంచి)

జవాబు: రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి, అరగంట మరిగించి, మొదలును చెక్క మీద కొట్టండి. దొమ్మరోగం (ఆంత్రాక్స్)తోగానీ, కారణం తెలియకుండాగానీ చచ్చిన పశువు కొమ్ము ముట్టుకోవద్దు. ఆ రోగపు బీజాలు మామూలు మరుగుకు పూర్తిగా చావవు. రాకేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

ప్రశ్న: కొమ్ము మొదలు దగ్గర బిగించిన చెక్క బిరడా వదులైపోతోంది. (చీపురుపల్లి నుంచి)

జవాబు: పచ్చిచెక్క అయి ఉంటుంది. బాగా ఆరిన టేకు తీసుకోండి. కొమ్ము అంచును మరిగే నీళ్లలో మెత్తబరిచి, వేడిగా ఉండగానే బిరడా దిగ్గొట్టండి. చల్లారాక సన్నని రంధ్రాలు తొలిచి ఇత్తడి మేకులు కొట్టండి. రంధ్రం తొలవకుండా కొడితే కొమ్ము చీలుతుంది.