బస్సు కిక్కిరిస్తే పనితీరు పెరిగినట్టేనా?

ప్రశ్న: సార్ నమస్తే. మా రూట్లో ఇదివరకు గంటకి రెండు బస్సులు తిరిగేవి, ఇప్పుడు ఒక్కటే. అది వచ్చేసరికి కాలు పెట్టే సందుండదు. మొన్న సంస్థవాళ్ళ రిపోర్టు చూస్తే మా రూటు పనితీరు బాగా మెరుగైందని రాసుంది! లెక్క తప్పు రాశారా, నాకే అర్థం కావట్లేదా?

జవాబు: లెక్కలో తప్పేం లేదండీ, తప్పు లేకపోవడమే ఇక్కడ బాధ. ఆక్యుపెన్సీ రేషియో అని ఒకటుంది, డిపోల్లో ఓఆర్ అంటారు, అంటే తిప్పిన సీట్లలో ఎన్ని నిండాయి అని. గంటకి రెండు బస్సులు, ఒక్కోదానికి 50 సీట్లు, ఒక్కోదాంట్లో 25 మంది ఎక్కుతున్నారనుకోండి, ఓఆర్ 50 శాతం. ఇప్పుడు ఒక ట్రిప్పు ఎత్తేశారు. ఆ 50 మందిలో ఓ పదిమంది విసుగొచ్చి బండి కొనుక్కున్నారో అసలు ప్రయాణమే మానుకున్నారో, మొత్తానికి పోయారు, మిగతా 40 మంది ఉన్న ఒక్క బస్సులోకీ తోసుకున్నారు. ఓఆర్ ఎంతయింది? 80 శాతం! పదిమంది పోయారు, మిగిలినవాళ్ళకి ఎదురుచూపు డబులైంది, కాగితం మీద మాత్రం 50 కాస్తా 80 అయి కూర్చుంది. కిలోమీటరుకి రాబడి, అదే ఈపీకే, అదీ పెరుగుతుంది, తిరిగే కిలోమీటర్లు సగమైపోయాయి కదా మరి.

అందుకే ఓఆర్ ఒక్కటే చూపించి పనితీరు అంటే నేను ఒప్పుకోను. పక్కనే ఇంకో రెండు అడగండి, మొత్తం ఎంతమంది ఎక్కారు, తిరగాల్సిన కిలోమీటర్లలో ఎన్ని తిరిగారు అని. ఇందులోనూ ఒక మెలిక ఉంది, టైంటేబుల్లోంచే ట్రిప్పు తీసేస్తే ఇక క్యాన్సిల్ అయినట్టు లెక్కలోకే రాదు, నూటికి నూరు శాతం తిప్పాం అని చెప్పుకోవచ్చు. కాబట్టి పోల్చేది పోయినేడాది టైంటేబుల్‌తో.

ఇంకోటి, సగటు మాయ. 50 సీట్ల బస్సు 40 కిలోమీటర్లు పోతోంది. మొదటి 10 కిలోమీటర్లు 70 మంది, అంటే 20 మంది నిలబడే ఉన్నారు, తర్వాత 30 కిలోమీటర్లు పదిమందే. ప్రయాణికుల కిలోమీటర్లు 700, 300 కలిపి 1000, సీట్ల కిలోమీటర్లు 2000, ఓఆర్ 50 శాతం. ఆఫీసులో కూర్చుని చూసేవాళ్ళకి సగం బస్సు ఖాళీ, ఎక్కినవాళ్ళలో ఎక్కువమందికేమో ఊపిరాడని బస్సు. రెండూ నిజమే. ఏ స్టాపు దగ్గర లోడ్ ఎంత ఉందో విడివిడిగా చూస్తే తప్ప ఇది బయటపడదు, పాసులున్నవాళ్ళని మెషిన్లో కొట్టని చోటైతే అసలు ఎంతమంది ఎక్కారన్నదే అంచనా మీద నడుస్తుంది.

ప్రశ్న: మా బస్సులు టైముకే నడుస్తున్నాయని బోర్డు పెడతారు, నేనెక్కే స్టాపులో మాత్రం ఒక్కరోజూ టైముకి రాదు. ఎవరిది అబద్ధం?

జవాబు: ఎవరిదీ కాకపోవచ్చు. టైము ఎక్కడ కొలుస్తున్నారో అడగండి ముందు. బస్టాండ్లోంచి బయల్దేరిన టైము మాత్రమే రాసుకుంటే అది దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఆలస్యమంతా దారిలో పోగవుతుంది. పైగా రాని బస్సు లేటు బస్సు కాదు కదా, చాలా లెక్కల్లో అది ఎక్కడా కనపడకుండా జారిపోతుంది.

లేటు కంటే ముందుగా వెళ్ళిపోవడమే పెద్ద పాపం అని నా అభిప్రాయం. గంటకొకటి వచ్చే బస్సు ఐదు నిమిషాలు లేటైతే ఐదు నిమిషాలే పోయాయి, అదే రెండు నిమిషాలు ముందు వెళ్ళిపోతే మీకు గంట పోయినట్టు. బ్రిటన్‌లో బస్సు సంస్థలకి లైసెన్సులిచ్చే ట్రాఫిక్ కమిషనర్లు అందుకే రెండువైపులా ఒకే హద్దు పెట్టలేదు, ముందు అయితే ఒక్క నిమిషం, లేటు అయితే ఐదు నిమిషాలు దాకా ఓకే, ఆ హద్దులో 95 శాతం బస్సులు ఉండాలంటారు.

ఇదంతా అరుదుగా వచ్చే బస్సులకి. పది నిమిషాలకొకటి ఉండే చోట ఎవరూ టైంటేబుల్ చూసి బయల్దేరరు, స్టాపుకెళ్ళి నిలబడతారంతే. అక్కడ గంటకి ఆరు బస్సులు సమంగా వస్తే సగటున ఐదు నిమిషాలు ఆగుతారు. అవే ఆరు బస్సులు జంటలుగా, ఇరవై నిమిషాలకి రెండేసి చొప్పున వచ్చాయనుకోండి, ఆగేది పది నిమిషాలు. బస్సులు అన్నే, కిలోమీటర్లు అన్నే, డ్రైవర్లు అంతమందే, మీ ఎదురుచూపు మాత్రం రెట్టింపు. లండన్‌లో గంటకి ఐదు, అంతకంటే ఎక్కువ బస్సులుండే రూట్లని ఈ అదనపు ఎదురుచూపుతోనే కొలుస్తారు, పై లెక్క ప్రకారం అది ఐదు నిమిషాలన్నమాట. జంటలెందుకు కడతాయంటే ముందు బస్సు కాస్త లేటైతే స్టాపులో జనం పెరుగుతారు, వాళ్ళు ఎక్కేసరికి ఇంకా లేటవుతుంది, వెనకదానికి జనం దొరక్క గబగబా వచ్చి దీన్ని అంటుకుంటుంది. ముందుదాంట్లో 80 మంది, వెనకదాంట్లో పదిమంది. సగటు 45 అని రాస్తారు, 90 మందిలో 80 మంది నలిగిపోయింది ఆ సగటులో కనపడదు!

ప్రశ్న: రెండు ప్రాంతాల బస్సుల్ని పోల్చి ర్యాంకులివ్వడం కరెక్టేనా?

జవాబు: ర్యాంకులంటే నాకు పడదు. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న చోట బస్సు ఎవరు నడిపినా నిండుతుంది, విసిరేసినట్టున్న పల్లెలకి ఎంత బాగా నడిపినా నిండదు, రెండోదాన్ని జనానికి దారి ఉండాలని నడుపుతారు. పోలిస్తే అలాంటి ప్రాంతంతోనో, లేదా తన పాత లెక్కతోనో పోల్చాలి. ఖర్చు కిలోమీటర్లలోనే చూడొద్దు, గంటల్లో కూడా చూడండి. డ్రైవర్ జీతం చాలాచోట్ల గంటలతో ముడిపడి ఉంటుంది కాబట్టి ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే బస్సుకి కిలోమీటరు ఖర్చు ఊరికే పెరుగుతుంది, అందులో డిపో తప్పేముంది? అమెరికాలో 1974 చట్టంతో మొదలైన నేషనల్ ట్రాన్సిట్ డేటాబేస్‌లో సర్వీసు మైళ్ళు, సర్వీసు గంటలు రెండూ తీసుకుంటారు. యూరప్‌లో ఈఎన్ 13816 అనే ప్రమాణం ఇంకాస్త ముందుకెళ్ళి సమాచారం, సౌకర్యం, భద్రత లాంటివి కూడా కొలవమంటుంది.

ప్రశ్న: ఇవన్నీ సంస్థవాళ్ళ దగ్గరుండే లెక్కలు. మేం సొంతంగా ఏమైనా కొలవగలమా?

జవాబు: భేషుగ్గా. ఒక నోటుబుక్కు, ఫోన్లో గడియారం చాలు. రెండు వారాలు మీ స్టాపులోనే, అదే గంటలో, మీరూ ఇంకో ఇద్దరూ వంతులేసుకుని రాయండి. రావాల్సిన టైము, వచ్చిన టైము, ఆగిందా లేదా, ఎంతమంది ఎక్కలేక మిగిలారు. ఆఖరిది ఏ జీపీఎస్సూ చెప్పదు, స్టాపులో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. రాని బస్సుకి కూడా ఒక వరుస కేటాయించి, రాలేదు అని రాయండి, ఖాళీ మాత్రం వదలొద్దు.