పాత గని వయసు తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: పాడుబడిన చిన్న రాగి గని ఏ కాలం నాటిదో మిగిలిన ఆనవాళ్లను బట్టి చెప్పగలమా?

జవాబు: కొంతవరకు చెప్పవచ్చు. సొరంగం గోడలు నున్నగా, గుండ్రంగా ఉండి అడుగున కట్టెబొగ్గు కనిపిస్తే, రాతిని మంటతో కాల్చి పగలగొట్టిన పాత పద్ధతిని ఊహించవచ్చు. ఆ బొగ్గుకు రేడియోకార్బన్ పరీక్ష (అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టడం) చేస్తే కాలం ఇంచుమించుగా తెలుస్తుంది. గోడల్లో తొలిచిన సన్నని, తిన్నని రంధ్రాల సగభాగాలు మిగిలి ఉంటే అది ఆ రంధ్రాల్లో మందుగుండు కూరి పేల్చిన పని. గనుల్లో మందుగుండు వాడకానికి ప్రసిద్ధమైన తొలి దాఖలా నేటి స్లొవాకియాలోని బాన్‌స్కా ష్టియావ్నిత్సాలో 1627 నాటిది కాబట్టి, అలాంటి గుర్తులు అంతకన్నా పాతవి కావడం అరుదు. అయితే పాత గనిని తరువాతివారు మళ్లీ తవ్వడం మామూలే గనుక ఒక్క గుర్తునే నమ్మరాదు. బయట నల్లని, గాజులాంటి చిట్టెం (లోహం తీశాక మిగిలే వ్యర్థం) కుప్పలుంటే ఖనిజాన్ని అక్కడే కరిగించారన్నమాట; నా దృష్టిలో సొరంగం కన్నా ఈ కుప్పలే ఎక్కువ సంగతులు చెబుతాయి. లోపలికి మాత్రం వెళ్లవద్దు, ప్రాణవాయువు తగ్గిన గాలి కంటికి కనిపించదు.