నూకలు ఎప్పుడు కలిపావన్నదే ప్రశ్న

చిన్నీ,

మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, పిల్ల పూణేలో దొంగ గెలాక్సీలు తయారుచేస్తోందట, అదేం చదువు?" అన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత గర్వమేసింది, రాత్రి పదకొండయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

గెలాక్సీలు వెతికే ప్రోగ్రాం ఎన్నింటిని పట్టగలదో చూడ్డానికే కదా, ఆకాశం ఫోటోలో నకిలీవి కలిపేది. సెర్సిక్ ప్రొఫైల్‌తో (నడుమ నుంచి అంచుకి వెలుగు ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రం) గెలాక్సీ గీయడం, పీఎస్‌ఎఫ్‌తో (చుక్కంత వెలుగు ఫోటోలో ఎంత చెదురుతుందో చెప్పే లెక్క) మసకబార్చడం, ఎన్ని దొరికాయో లెక్కపెట్టడం నీకు తెలిసినవే. లేనివాటిని ఉన్నాయని ప్రోగ్రాం ఎన్నిసార్లు చెప్పిందో అదీ రాసుకో.

1998లో నేనూ ఇదే చేశాను. వంద నకిలీవి కలిపితే సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ అనే వెతికే ప్రోగ్రాం 94 పట్టింది. సెమినార్‌లో ఛాతీ విరుచుకుని చెప్తుంటే వెనక బెంచీలో ఒకాయన "ఎప్పుడు కలిపావు బాబూ, ఆకాశపు వెలుగు తీసేయకముందా, తర్వాతా?" అన్నారు. తర్వాతే. నోరు పెగల్లేదు. ఆ ప్రోగ్రాం మామూలు సెట్టింగులో ఫోటోని 64 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, గడిగడికీ ఆకాశపు వెలుగెంతో అంచనా కట్టి తీసేస్తుంది. నావేమో గడికంటే పెద్దవి, పలచనివి. ముందే కలిపుంటే వాటినీ ఆకాశమనుకుని మింగేసేది. మళ్లీ చేస్తే దొరికినవి 31. ఇంటికొచ్చి మీ పెద్దమ్మకి చెప్తే, "చెరిగేశాక నూకలు కలిపి, చాట ఒక్క నూకా పారబొయ్యలేదంటే ఎలాగండీ?" అంది. నాకు మూడు నెలలు పట్టింది, ఆవిడకి ఒక్క నిమిషం!

అసలు ఫోటోలోనే, ఏమీ తీయకముందే కలుపు. వట్టి నాయిస్ మీద, అంటే కంప్యూటర్ పుట్టించిన చుక్కల గోల మీద వద్దు. మన పాలపుంత ధూళి మేఘాలు అచ్చం మసక గెలాక్సీల్లాగే ఉంటాయి, వట్టి నాయిస్‌లో అవెక్కడుంటాయి? 2015లో టెలిఫోటో లెన్సులు గుత్తిగా కట్టిన డ్రాగన్‌ఫ్లై అనే టెలిస్కోపుతో కోమా అనే గెలాక్సీల గుంపులో 47 పలచని గెలాక్సీలు బయటపడ్డాయి, అదీ పెద్ద పెద్ద టెలిస్కోపులు ఎన్నోసార్లు చూసిన చోటే. ఎవరి చాటలోంచి ఎన్ని జారాయో మరి.

2018 తిత్లీ తుఫాను గుర్తుందా? సోంపేటలో కొబ్బరి చెట్లు పడిపోయి, కరెంటు లేక మేడ మీద పడుకున్నాం. "పెదనాన్నా, ఆ మబ్బు కదలట్లేదేంటి?" అన్నావు. పాలపుంత అది. మీ నాన్న తోట పోయిందని కుమిలిపోతుంటే నీకు ఆకాశం కావాల్సొచ్చిందా అని కసిరాను. ఇన్నేళ్లయినా అది గుచ్చుతూనే ఉందమ్మా.

పలాస జీడిపప్పు పంపుతున్నాను, అర్ధరాత్రి మ్యాగీ మానేసి అది తిను. నీ నకిలీవాటిలో వందకి 30 దొరికితే హాయిగా పడుకో. 90 దాటితే మాత్రం ఎంత రాత్రయినా ఫోన్ చెయ్.

పెదనాన్న