గంట సేపట్లో చెరువు పిట్టలు

బిడ్డా,

చెరువు దగ్గర పిట్టలు చూడాలని ఉంది గానీ ఆఫీసు అయినంక దొరికేది గంటే అన్నావు. ఆ గంట చాలు, చెరువంతా తిరగాలని మాత్రం పెట్టుకోకు. నవంబరులో మన వరంగల్‌లో పొద్దు సుమారు 5:40కి గూకుతుంది, 4:40 కల్లా చెరువు దగ్గరుండు. వడ్డేపల్లి అయినా ధర్మసాగరం అయినా, నీళ్లు తగ్గి శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, బురద తేలిన ఒక్క అంచు చూసుకొని నిలబడు. నీళ్లు నీకు తూర్పున ఉండాలి. ఎదురెండలో ఏ బాతైనా నల్లగానే కనపడుతుంది.

బైనాక్యులర్ 8×42 కొను, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. 10 రెట్లది చేతిలో వణుకుతుంది, పైగా పొద్దుగూకేసరికి చీకటి కొడుతుంది. మొదటి రోజే దాన్ని నీ కండ్లకు సరిచేసుకో. దూరపు బోర్డు మీది అక్షరాలు చూస్తూ, కుడి గొట్టం అరచేత్తో మూసి, ఎడమ కంటికి స్పష్టంగా ఆనేదాకా నడిమి చక్రం తిప్పు. తర్వాత ఎడమది మూసి, కుడి కంటి దగ్గరి రింగు ఒక్కటే తిప్పు, చక్రం ముట్టుకోకు. ఇది చేయకనే చాలామంది మసకగా ఉందని బైనాక్యులర్ మూలకు పడేస్తారు. పిట్ట కనపడితే చూపు దాని మీదే ఉంచి గొట్టాలు కండ్ల దగ్గరికి తే. తల దించితే పిట్ట తప్పిపోతుంది.

బురదంచున తోక ఆడించుకుంటూ ఉరికేది జిట్టంగి. తల నల్లగా ఉండి కంటి పైన తెల్ల గీత ఉంటే అది ఏడాదంతా మన దగ్గరుండేదే. నుదురు, చెంపలు తెల్లగా ఉంటే చలికాలానికి వచ్చినది. బాతుల దగ్గర రంగును నమ్మకు. అక్టోబరులో దిగిన మగవి కూడా ఆడవాటిలాగే గోధుమ రంగులో ఉంటాయి, అందుకే ముక్కు చూడు: కొస గరిటెలా వెడల్పుగా ఉంటే అది షవెలర్ అనే బాతు. గుంపు పెద్దదైతే పది పిట్టలు లెక్కపెట్టి, అవి ఎంత మేర పట్టాయో చూసి, ఆ కొలతతో మిగతావి లెక్కగట్టు.

మేస్తున్న పిట్టలు ఒక్కసారి తలలెత్తితే అక్కడే ఆగు, ఇంకో అడుగు వేస్తే లేచిపోతాయి. ఫిబ్రవరి, మార్చిలో మరీ జాగ్రత్త. చలికాలానికి వచ్చినవి తిరుగు ప్రయాణానికి కొవ్వు పెంచుకునే రోజులవి, లేపిన ప్రతిసారీ అది కరుగుతుంది.

తారీఖు, మొదలుపెట్టిన టైము, నడిచిన దూరం రాసుకో. గోరింకలనూ వదలకు. పేరు తెలియని పిట్టకు ముక్కు పొడవు, కాళ్ల రంగు, ఎగిరినప్పుడు రెక్క మీద కనపడ్డ తెలుపు రాసి నాకు పంపు, ఇద్దరం కలిసి పోల్చుకుందాం.